తొమ్మిది బొమ్మల్లో మీరెక్కడ?

ఒక కాగితం మీద తొమ్మిది బొమ్మలు వరుసగా నిలబడి ఉంటాయి. ఎడమ చివరి బొమ్మ బాగా బక్కపలచన. కుడివైపుకు వెళ్ళేకొద్దీ ఒక్కో బొమ్మా కాస్త కాస్తగా లావెక్కుతుంది. చివరిది భారీ స్థూలకాయం. ఆడవాళ్ళకు ఒక వరుస, మగవాళ్ళకు ఒక వరుస. ఆ కాగితం మీ చేతికిచ్చి రెండే ప్రశ్నలు అడుగుతారు. "ఇప్పుడు మీరు ఏ బొమ్మలా ఉన్నారు?" "ఏ బొమ్మలా ఉండాలనుకుంటున్నారు?" మీరు మొదటి ప్రశ్నకు 5 అనీ, రెండో ప్రశ్నకు 3 అనీ చెప్పారనుకోండి. అయిదులోంచి మూడు పోతే రెండు. మీ శరీరం మీద మీకున్న అసంతృప్తి 'రెండు' అన్నమాట!

ఇంత తేలికైన పరీక్ష మరొకటి ఉండదేమో. అందుకే నలభై ఏళ్ళకు పైగా ఇది ఎన్నో దేశాల్లో వాడుకలో ఉంది. బరువు పెరిగినప్పుడు, తగ్గినప్పుడు మనిషి తన శరీరాన్ని ఎలా చూసుకుంటాడో తెలుసుకోవడానికి పరిశోధకులు తరచుగా పట్టుకునే పనిముట్టు ఇదే. అయితే ఇది నిజంగా ఆ పని చేస్తుందా? ఈసారి పరీక్షనే పరీక్షకు కూర్చోబెడదాం.

ఒక పనికి పుట్టి, మరో పనికి

ఈ బొమ్మలు 1983లో వెలువడ్డాయి. వీటి వెనక ఉన్నవాళ్ళు అమెరికా వైద్యుడు ఆల్బర్ట్ స్టంకార్డ్, డెన్మార్క్ పరిశోధకులు సోరెన్‌సెన్, షుల్సింగర్. వాళ్ళ ప్రశ్న వేరు. లావు వంశపారంపర్యంగా వస్తుందా, లేక పెరిగిన ఇంటి తిండి అలవాట్లనుంచి వస్తుందా? దీన్ని తేల్చడానికి వాళ్ళు దత్తత వెళ్ళిన పిల్లల్ని ఎంచుకున్నారు. కన్నవారిని, పెంచినవారిని ఇప్పుడు వెతికి పట్టుకుని తూచడం కుదిరే పని కాదు. అందుకని వాళ్ళ ఆకారాన్ని బొమ్మ మీద వేలు పెట్టి చూపించే ఏర్పాటు చేశారు. 1986లో ఈ పరిశోధకుల బృందం దత్తత వెళ్ళిన 540 మంది వివరాలతో ఫలితం ప్రకటించింది. పిల్లల బరువుకు కన్నవారి బరువుతో సంబంధం కనిపించింది, పెంచినవారి బరువుతో కనిపించలేదు.

అంటే ఈ బొమ్మలు పుట్టింది ఇతరుల ఆకారాన్ని చెప్పడానికి. తర్వాత వీటినే మన ముందు అద్దంలా నిలబెట్టారు. అలా చేయడంలో కొంత మేలు లేకపోలేదు. చదువు రానివాళ్ళు కూడా జవాబు చెప్పగలరు. తూకం యంత్రం లేని ఊళ్ళో కూడా పని జరుగుతుంది. వేలమంది జవాబులు కలిపి చూస్తే, ఎంచుకున్న బొమ్మకూ అసలు బరువుకూ మంచి పొంతనే ఉంటుంది. ఇంతవరకు పరీక్షను మెచ్చుకోవలసిందే. చిక్కు ఒక్క మనిషి దగ్గర, అదీ బరువు మారుతున్న మనిషి దగ్గర వస్తుంది.

కన్ను అనే తక్కెడ

అరకిలో పంచదార పొట్లం చేతిలో ఉండగా దానిమీద పావుకిలో పొట్లం పెడితే వెంటనే తెలుస్తుంది. అదే పావుకిలోను 25 కిలోల బియ్యం బస్తాకు కలిపితే మోసేవాడికి తెలియదు. మార్పు ఎంత అన్నది కాదు, మొత్తంలో అది ఎన్నో వంతు అన్నది ముఖ్యం. జర్మనీలో ఎర్నెస్ట్ వెబర్ 1834లోనే ఈ సంగతి గమనించాడు. చూపుకు కూడా ఈ సూత్రమే వర్తిస్తుంది. 45 కిలోల మనిషి నాలుగు కిలోలు పెరిగితే ఇంట్లో అందరికీ తెలుస్తుంది. 95 కిలోల మనిషి నాలుగు కిలోలు పెరిగితే అతనికే తెలియకపోవచ్చు.

ఇంకో సంగతి ఉంది. ఏ పరిమాణాన్నయినా అంచనా వేయమంటే మన మెదడు జవాబును మధ్యకు లాగుతుంది. చిన్నదాన్ని కాస్త పెద్దగా, పెద్దదాన్ని కాస్త చిన్నగా చెబుతుంది. హాలింగ్‌వర్త్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1910లో దీన్ని వివరించాడు. బ్రిటన్‌లో కార్నెలిసెన్, టోవే బృందం 2016లో ఈ రెండు సూత్రాలనూ మనిషి శరీరానికి వర్తింపజేసి చూసింది. రకరకాల బరువులున్న స్త్రీల ఫొటోలు చూపించి బరువు ఊహించమంది. సగటు బరువున్నవాళ్ళ విషయంలో జవాబులు సరిగ్గా వచ్చాయి. లావుగా ఉన్నవాళ్ళ బరువును తక్కువగా, సన్నగా ఉన్నవాళ్ళ బరువును ఎక్కువగా చెప్పారు.

ఇప్పుడు మన పరీక్షకు రండి. ఏళ్ళ తరబడి మెల్లగా లావెక్కిన ఒకాయన తన అసలు ఆకారం కంటే సన్నటి బొమ్మను చూపిస్తాడు. చూసేవాళ్ళు "తన లావును ఒప్పుకోవడం లేదు" అని రాసుకుంటారు. కానీ పక్కింటాయన ఫొటో చూపించినా అతను అదే పొరపాటు చేస్తాడేమో! అలాంటప్పుడు ఆ తప్పు ఆయన మనసుది కాదు, మనందరి కంటిది. ఈ రెండింటినీ విడదీయాలంటే ఇతరుల శరీరాలను కూడా అంచనా వేయించి, ఆ తప్పును లెక్కలోంచి తీసేయాలి. తొమ్మిది బొమ్మల పరీక్షలో ఆ ఏర్పాటు లేదు. తరగతి గదిలో నేర్చుకున్న మాటల్లో చెప్పాలంటే, పోల్చి చూసేందుకు రెండో పరీక్షనాళిక లేని ప్రయోగం ఇది.

ఆ మధ్య బొమ్మ ఎవరిది?

మెదడు జవాబును మధ్యకు లాగుతుందన్నాం. ఆ 'మధ్య' ఎక్కడినుంచి వచ్చింది? రోజూ చూసే శరీరాలనుంచి. ఆస్ట్రేలియాలో వింక్లర్, రోడ్స్ 2005లో ప్రచురించిన ప్రయోగంలో, సన్నగా సాగదీసిన శరీరాల బొమ్మలను కొద్దిసేపు చూసినవాళ్ళకు ఆ తర్వాత 'మామూలు శరీరం' అనేదే మునుపటికంటే సన్నగా అనిపించింది. ఎండలోంచి ఇంట్లోకి వస్తే గది చీకటిగా తోచడం లాంటిదే ఇది. కన్ను దేనికి అలవాటు పడితే అదే కొలబద్ద అవుతుంది.

ఫిజీ దీవుల కథ మీరు వినే ఉంటారు. అక్కడ ఒక ప్రాంతానికి 1995లో టెలివిజన్ వచ్చింది. ఆన్ బెకర్ అనే పరిశోధకురాలు అప్పుడు 63 మంది స్థానిక ఫిజీ బాలికలను, 1998లో 65 మందిని తిండి విషయంలో ప్రశ్నించింది. ఆందోళన కలిగించే జవాబులిచ్చినవారు 12.7 శాతం నుంచి 29.2 శాతానికి పెరిగారు. బరువు తగ్గడానికి కావాలని వాంతి చేసుకునేవారు 1995లో ఒక్కరూ లేరు, 1998లో 11.3 శాతం ఉన్నారు. ఈ అంకెలు భయపెడతాయి. కానీ జాగ్రత్తగా చదవండి. రెండుసార్లు అడిగింది ఒకే బాలికలను కాదు. ఆ మూడేళ్ళలో అక్కడ మారింది టెలివిజన్ ఒక్కటే అనీ చెప్పలేం. దీన్ని బలమైన అనుమానంగా తీసుకోవాలి, తిరుగులేని రుజువుగా కాదు.

మన సంగతికి వస్తే, ఒకప్పుడు ఇల్లూ వీధీ బడీ కలిసి మన 'మధ్య బొమ్మ'ను గీసేవి. ఇప్పుడు చేతిలోని ఫోను గీస్తోంది. అందులోని శరీరాలు ఎంచి, దిద్ది పెట్టినవి. ఒక విద్యార్థిని మొదట 4వ బొమ్మను, ఏడాది తర్వాత 5వ బొమ్మను చూపించిందనుకోండి. ఆమె బరువు పెరిగిందా, లేక ఆమె చూసే లోకం సన్నబడిందా? పరీక్ష చెప్పలేదు.

బొమ్మలో పట్టని శరీరం

కళ్ళు మూసుకుని మీ ముక్కును వేలితో తాకండి. తాకగలిగారు కదా! ముక్కెక్కడో, చెయ్యెంత పొడవో అద్దం చూడకుండానే మీ మెదడుకు తెలుసు. 1911లో హెడ్, హోమ్స్ అనే బ్రిటిష్ వైద్యులు మెదడులోని ఈ నమూనా గురించి రాశారు. బరువు మారినప్పుడు ఈ నమూనా కూడా మారాలి. అది వెంటనే మారుతుందా?

1969లో న్యూయార్క్‌లో గ్లక్స్‌మన్, హిర్ష్ అనే వైద్యులు ఆసుపత్రిలో ఉంచి బరువు తగ్గించిన కొద్దిమంది స్థూలకాయులను పరిశీలించారు. కిలోల కొద్దీ తగ్గినా, తమ శరీరం పరిమాణం చెప్పమంటే వాళ్ళు దాదాపు ఏమీ తగ్గనట్టే చెప్పారు. చెయ్యి పోయినవాళ్ళకు ఆ చెయ్యి ఇంకా ఉన్నట్టే అనిపిస్తుంది కదా, అలాగే పోయిన లావు కూడా 'ఉన్నట్టే' ఉంటుందన్నమాట.

2013లో నెదర్లాండ్స్‌లో కైజర్ బృందం చేసిన ప్రయోగం ఇంకా ఆశ్చర్యకరం. సన్నబడాలనే పట్టుదలతో తిండి మానేసి ప్రాణం మీదికి తెచ్చుకునే అనొరెక్సియా అనే జబ్బు ఉంది. ఆ రోగులను, ఆరోగ్యవంతులను రకరకాల వెడల్పులున్న ద్వారాల గుండా నడిపించారు. అసలు ఏం పరీక్షిస్తున్నారో వాళ్ళకు చెప్పలేదు. ఆరోగ్యవంతులు ద్వారం తమ భుజాల వెడల్పు కంటే 25 శాతం మాత్రమే ఎక్కువున్నప్పుడు భుజం తిప్పి పక్కగా దూరారు. రోగులు 40 శాతం ఎక్కువున్నా భుజం తిప్పారు. ఎముకల గూడులా ఉన్న ఆ శరీరాలు లావుపాటి శరీరాల్లా నడిచాయి! కాగితం మీది బొమ్మ కంటికి కనిపించే శరీరాన్ని అడుగుతుందే గాని, నడిచే శరీరాన్ని అడగదు.

తీసివేతలో జారిపోయేవాళ్ళు

ఇక అన్నిటికంటే పెద్ద లోపం. బరువును కిలోల్లోను, ఎత్తును మీటర్లలోను తీసుకుని, బరువును ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చేది బి.ఎం.ఐ. అమెరికాలో వేలమందిని అడిగి 2001లో ప్రచురించిన లెక్క ప్రకారం, మొదటి బొమ్మను ఎంచుకున్న స్త్రీల సగటు బి.ఎం.ఐ. సుమారు 18, చివరి బొమ్మకు సుమారు 45. మన దేశంలో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో 18.7 శాతం మంది బి.ఎం.ఐ. 18.5కు లోపే. 24 శాతం మంది 25, ఆపైన. అంటే మన స్త్రీలలో దాదాపు ప్రతి అయిదుగురిలో ఒకరు మొదటి బొమ్మ దగ్గరే నిలబడాలి. ఆమె ఇంకో మూడు కిలోలు తగ్గిపోతే చూపించడానికి ఆ కాగితం మీద చోటే లేదు!

ఇది కేవలం లెక్కల తగాదా కాదు. ప్రయత్నించకుండానే ఆరునెలలు, ఏడాదిలో బరువులో 5 శాతం తగ్గితే డాక్టరుకు చూపించుకోవాలన్నది వైద్యుల నియమం. 50 కిలోల మనిషికి అది రెండున్నర కిలోలే. కారణం మధుమేహం కావచ్చు, క్షయ కావచ్చు. రోజూ చూసే కంటికి అంత చిన్న మార్పు పట్టుబడదు. పైగా సన్నగా ఉండాలనుకునే అమ్మాయి క్షయతో చిక్కిపోతే, ఆమె 'ఉన్న' బొమ్మ, 'కోరిన' బొమ్మ ఒకటైపోతాయి. అసంతృప్తి సున్నా! పరీక్ష ప్రకారం ఆమె క్షేమం.

అబ్బాయిల విషయంలోనూ ఇంతే. లావు బొమ్మను కోరిన అబ్బాయికి కావలసింది కొవ్వా, కండా? ఈ బొమ్మల్లో తేడా తెలియదు. లోపలి కొవ్వయితే అసలే కనిపించదు. 2004లో పుణె వైద్యుడు యాజ్ఞిక్, బ్రిటిష్ వైద్యుడు యుడ్కిన్ తమ ఇద్దరి కొలతలనే ప్రచురించారు. ఇద్దరి బి.ఎం.ఐ. 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. ఇద్దరూ ఒకే బొమ్మ దగ్గర నిలబడతారు మరి!

మరి మీరేం చేయాలి?

రైల్వే స్టేషన్లలో రంగు దీపాల తూకం యంత్రం ఉండేది. నాణెం వేస్తే అట్టముక్క మీద బరువుతోబాటు జాతకం కూడా అచ్చువేసి ఇచ్చేది. బరువును నమ్మి జాతకాన్ని నవ్వి వదిలేసేవాళ్ళు. తొమ్మిది బొమ్మల పరీక్షకూ అదే మర్యాద ఇవ్వండి. గుంపు గురించి అది చెప్పేది వినండి. మీ ఒక్కరి గురించి అది తీర్పు చెబితే ఒప్పుకోకండి.

నెలకొకసారి, ఒకే యంత్రం మీద, ఒకే వేళకు బరువు చూసుకుని, ఎత్తుతో సహా నోటుపుస్తకంలో రాసుకోండి. రోజూ చూడకండి. తాగిన నీళ్ళు, తిన్న తిండి వల్లే అంకె కిలో అటూ ఇటూ అవుతుంది. 18 ఏళ్ళ లోపువారు పెద్దల బి.ఎం.ఐ. హద్దులతో పోల్చుకోకూడదు. ఎదిగే వయసులో బరువు పెరగాలి. వయసుకు తగ్గ ఎదుగుదల పట్టికలు పిల్లల డాక్టరు దగ్గర ఉంటాయి. కారణం లేకుండా తగ్గుతుంటే, రెండు వారాలు దాటిన దగ్గో, సాయంత్రం జ్వరమో తోడైతే ఆలస్యం చేయవద్దు. తినాలంటే భయపడే స్నేహితురాలు మీకుంటే "నువ్వు సన్నగానే ఉన్నావు" అని వాదించకండి. ఆమె శరీరం ఆమెకు వేరే కొలత చెబుతోంది. పెద్దవాళ్ళకు చెప్పి, డాక్టరు దగ్గరికి వెంట వెళ్ళండి.

ఇక ఎప్పుడైనా ఎవరైనా ఆ కాగితం మీ చేతికిస్తే, జవాబు చెప్పే ముందు ఒక ప్రశ్న మీరే అడగండి: "మొదటి బొమ్మకు ఎడమవైపు ఉన్నవాళ్ళు ఎక్కడ నిలబడాలి?"