ఆడే చేయి, ఆస్వాదించే మనసు: వీడియో గేమ్‌లలో కరుణరస విచారం

వ్యాస సంగ్రహం:

వీడియో గేమ్ ఆడుతున్నవారు గెలుపోటముల ఉత్కంఠ నడుమ ఉన్నట్టుండి కంటతడి పెట్టే సందర్భాలున్నాయి. ఆ దుఃఖం లౌకికమా, రసస్థాయికి చేరినదా అన్నది ఈ వ్యాసంలోని ప్రధాన ప్రశ్న. భారతీయ రసచర్చలో సహృదయుడు చూసేవాడు, వినేవాడు, చదివేవాడు. వీడియో గేమ్‌లో అతడు చేసేవాడు కూడా. 'బ్రదర్స్: ఎ టేల్ ఆఫ్ టూ సన్స్' (2013) అనే గేమ్‌ను ప్రధాన ఆధారంగా తీసుకొని, మరి నాలుగు గేమ్‌లతో పోల్చి, ఆట నేర్పిన చేతి అలవాటే సంస్కారంగా నిలిచి కరుణరసానికి ఆధారమవుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ సంస్కారం లేనిచోట అదే ప్రక్రియ కరుణాభాసగా మిగులుతుందని కూడా నిరూపించే ప్రయత్నం చేస్తుంది.

కీలక పదాలు: వీడియో గేమ్, కరుణరసం, సహృదయుడు, వాసన, సాధారణీకరణం, ధ్వని, ఔచిత్యం.

1. ఉపోద్ఘాతం:

తెలుగులో 'ఆట' అన్న మాటకు విస్తృతి ఎక్కువ. కబడ్డీ ఆటే, తోలుబొమ్మలాట ఆటే, సినిమా హాలులో మొదటి ఆట, రెండో ఆట కూడా ఆటలే. నాటకాన్ని 'ఆడతారు', చదరంగాన్నీ 'ఆడతారు'. పోటీకీ ప్రదర్శనకూ ఒకే క్రియను వాడే ఈ భాషలో వీడియో గేమ్‌ను కేవలం కాలక్షేపంగా పక్కనపెట్టడం కంటే, ప్రదర్శన కళలకు పొరుగున ఉంచి పరిశీలించడం సహజం.

అయితే పోటీకి, ప్రదర్శనకు మనఃస్థితులు వేరు. పోటీలో ఉన్నవాడి దృష్టి ఫలితంపై ఉంటుంది. అడ్డంకి ఎలా దాటాలి, ఏ బటన్ ఎప్పుడు నొక్కాలి అన్న లెక్కలో అతడి మనసు నిమగ్నమై ఉంటుంది. అటువంటి మనసు ఒక్కసారిగా ద్రవించడం ఎలా సాధ్యం? నాటకానికి వెళ్లేవాడు శోకానికి కొంత సిద్ధపడే వెళతాడు. ఆటగాడికి ఆ సిద్ధత ఉండదు. ఈ అనుకోనితనమే ప్రస్తుత పరిశీలనకు మూలం. గేమ్‌ల చరిత్ర, సాంకేతికత ఈ వ్యాస పరిధిలోకి రావు.

2. ఆటగాడు సహృదయుడేనా?

రసం ఎవరిలో నిష్పన్నమవుతుందన్న ప్రశ్నపై అలంకారికుల వాదాలు సుప్రసిద్ధం. భట్టలోల్లటుడు ప్రధానంగా అనుకార్యుడిలోను, గౌణంగా నటుడిలోను రసాన్ని చూశాడు. భట్టనాయకుడు సాధారణీకరణాన్ని ప్రవేశపెట్టి చర్చను సామాజికుడి వైపు మళ్లించాడు. అభినవగుప్తుడు సామాజికుడి హృదయంలో వాసనారూపంగా ఉన్న స్థాయి అభివ్యక్తమై రసమవుతుందని స్థిరపరిచాడు. అతడి దృష్టిలో నటుడు పేరుకు తగినట్లు 'పాత్ర' మాత్రమే. పానీయం ఉన్నది పాత్రలోనే అయినా, దాని రుచి పాత్రకు తెలియదు.

ఈ సిద్ధాంతాన్ని వీడియో గేమ్‌కు అన్వయిస్తే రెండు ఆక్షేపణలు ఎదురవుతాయి. మొదటిది, ఆటగాడు తెరపై పాత్రను తానే నడిపిస్తాడు కాబట్టి అతడి స్థానం నటుడి స్థానానికి దగ్గర. రెండవది, తన సొంత సుఖదుఃఖాలలో మునిగి ఉండడాన్ని అభినవగుప్తుడు రసవిఘ్నాలలో ఒకటిగా లెక్కించాడు. గెలవాలన్న తపన అటువంటిదే. ఈ రెండూ నిలిస్తే గేమ్‌లో కలిగే దుఃఖం ఓడినవాడి చిరాకుకు మించినది కాకూడదు.

మొదటి ఆక్షేపణకు శాస్త్రంలోనే సమాధానముంది. కావ్యార్థాన్ని భావన చేసే నటుడికి ఆస్వాదం ఉండవచ్చునని దశరూపకంలో ధనంజయుడు అంగీకరించాడు. అటువంటి నటుడు సామాజికుడి స్థానాన్ని పొందుతాడని సాహిత్యదర్పణంలో విశ్వనాథుడు అన్నాడు. పూర్వులు మినహాయింపుగా ఒప్పుకున్న ఈ స్థితి వీడియో గేమ్‌లో సాధారణ స్థితి. ఇక్కడ పాత్రే రుచి చూస్తుంది. రెండవ ఆక్షేపణకు సమాధానం లక్ష్యపరిశీలన వల్లనే తేలాలి.

3. చేతి అలవాటు – వాసన: 'బ్రదర్స్'

'బ్రదర్స్' స్వీడన్‌కు చెందిన స్టార్‌బ్రీజ్ స్టూడియోస్ నిర్మాణం. దర్శకుడు జోసెఫ్ ఫారెస్ అంతకుముందు సినీదర్శకుడు. కథ జానపద కథలా సరళమైనది. తల్లి నీటిలో మునిగి చనిపోయింది. తండ్రి జబ్బుపడ్డాడు. జీవవృక్షం నుంచి జలం తెస్తే అతడు బతుకుతాడు. అన్నదమ్ములిద్దరూ దాని కోసం బయలుదేరతారు. పాత్రలు మాట్లాడేది కల్పిత భాష. ఒక్క మాట కూడా అర్థం కాదు. చతుర్విధాభినయాలలో వాచికం స్వరానికే పరిమితమై, భారమంతా ఆంగికంపై పడుతుంది.

ఈ గేమ్ విశిష్టత కంట్రోలర్‌ను విభజించిన తీరులో ఉంది. ఎడమ స్టిక్, దాని పక్క బటన్ అన్నవి. కుడివైపువి తమ్ముడివి. ఒకే వ్యక్తి రెండు చేతులతో ఇద్దరినీ ఒకేసారి నడపాలి. బరువైన మీట లాగాలంటే అన్న కావాలి. ఇనుప ఊచల సందులోంచి దూరాలంటే తమ్ముడు కావాలి. తల్లి మరణం చూసిన తమ్ముడికి నీళ్లంటే భయం. నీరు అడ్డువచ్చిన ప్రతిచోటా అతడు అన్న వీపును పట్టుకుంటాడు, అన్న ఈదుతాడు. మొదట్లో రెండు చేతులకూ పొత్తు కుదరక పాత్రలు గోడలకు గుద్దుకుంటాయి. కాసేపటికి అలవాటవుతుంది. ఆపైన ఆటగాడు 'ఎడమచేయి' అని ఆలోచించడు, 'అన్న' అనే ఆలోచిస్తాడు. ఈ అలవాటును ఆట కథనం వర్ణించదు, చేతితో సాధన చేయిస్తుంది.

కథ చివరి భాగంలో అన్న చనిపోతాడు. తమ్ముడు అన్న శరీరాన్ని గోతి దాకా ఈడ్చి, మట్టి కప్పాలి. ఆ పని దానంతటదే జరిగే దృశ్యంగా రాదు, ఆటగాడే చేయాలి. ఆ తర్వాత ఎడమచేతికి పని ఉండదు. స్టిక్ తిప్పినా తెరపై ఏదీ కదలదు. లోటు కంటికి తెలియక ముందే చేతికి తెలుస్తుంది. ఇంటిదారిలో మళ్లీ నీరు అడ్డువస్తుంది. తమ్ముడి బటన్ ఎన్నిసార్లు నొక్కినా అతడు నీటిలోకి దిగడు. చివరకు ఆటగాడు అన్న బటన్ నొక్కుతాడు. తమ్ముడు ఈదుతాడు.

రససామగ్రి దృష్ట్యా ఇక్కడ మరణించిన అన్న ఆలంబనం, అడ్డుగా నిలిచిన నీరు ఉద్దీపనం, స్మృతి, దైన్యం, చింత వ్యభిచారులు. ప్రత్యేకత అనుభావంలో ఉంది. నాటకంలో అనుభావం నటుడి శరీరంలో కనబడుతుంది. ఇక్కడ అన్న బటన్‌ను వెతికిన వేలు ప్రేక్షకుడిదే.

ధ్వని సిద్ధాంతం ఈ ఘట్టాన్ని మరింత స్పష్టపరుస్తుంది. ఆట మొదటి నుంచి ఎడమ బటన్‌కు ఒకే వాచ్యార్థం ఉంది: అన్న పనిచేస్తాడు. అన్న మరణించాక ఆ ముఖ్యార్థానికి బాధ కలిగింది. 'గంగలో గొల్లపల్లె' అన్నప్పుడు ప్రవాహంలో ఊరు ఉండడం పొసగనట్లే, లేని అన్న ఈదడం పొసగదు. అప్పుడు లక్షణ వల్ల అన్న నేర్పిన ధైర్యం అన్న అర్థం వస్తుంది. అన్న తమ్ముడిలో కొనసాగుతున్నాడన్నది వ్యంగ్యం. అవగతమైన ఈ అర్థం వెంటనే శోకాన్ని ఉద్దీపింపజేస్తుంది. ఒక్క మాట లేకుండా, ఒక బటన్ ఇక్కడ పదం చేసే పని చేసింది.

కరుణ విప్రలంభాల భేదాన్ని కూడా ఈ ఘట్టం స్పృశిస్తుంది. తిరిగి కలిసే ఆశ ఉంటే విప్రలంభం, లేకపోతే కరుణ అని భరతుడు విభజించాడు. అన్నదమ్ముల ప్రేమ శృంగారం కాదు కాబట్టి విప్రలంభానికి ఇక్కడ తావు లేదు. కాని ఆశ, నిరాశల ఆ తర్కం మాత్రం పనిచేస్తుంది. అన్న బటన్ నొక్కిన క్షణంలో ఆశ మెరుస్తుంది, తెరపై తమ్ముడొక్కడే కనబడడంతో అది ఆరిపోతుంది. ఆ మెరుపు వల్లనే శోకం గాఢమవుతుంది.

4. ఫలించని ప్రయత్నం:

'బ్రదర్స్'లో ప్రయత్నం చివరకు ఫలించింది. ప్రయత్నం ఫలించకపోవడమే శోకానికి మూలమైన గేమ్‌లూ ఉన్నాయి. 2016లో వెలువడిన 'దట్ డ్రాగన్, క్యాన్సర్' వాటిలో ముఖ్యమైనది. రయన్ గ్రీన్, ఏమీ గ్రీన్ దంపతులు క్యాన్సర్‌తో పోరాడుతున్న తమ కొడుకు జోయెల్ జీవితం ఆధారంగా దీన్ని రూపొందించారు. నిర్మాణం సాగుతుండగానే, 2014లో, ఐదేళ్ల వయసులో జోయెల్ మరణించాడు.

ఆసుపత్రి గదిలో ఒక రాత్రి బిడ్డ ఏడుపు ఆపడు. తండ్రి స్థానంలో ఉన్న ఆటగాడు తాగించి చూస్తాడు, ఎత్తుకొని ఊపుతాడు, పచార్లు చేస్తాడు. ఏదీ పనిచేయదు. ప్రతి చిక్కుకూ ఒక పరిష్కారం ఉంటుందన్న నమ్మకం మీదే వీడియో గేమ్ నిలబడుతుంది. ఆ నమ్మకంతోనే ఆటగాడు ఒకదాని తర్వాత ఒకటి ప్రయత్నిస్తాడు. పరిష్కారం లేదని అర్థమైన క్షణంలో, గెలవాలన్న తపనే తండ్రి నిస్సహాయతగా మారుతుంది. రెండవ ఆక్షేపణకు సమాధానం ఇక్కడ లభిస్తుంది. రసవిఘ్నమనుకున్న ఫలాపేక్షను ఈ గేమ్ తొలగించదు. దాన్నే రససామగ్రిగా మలుచుకుంటుంది.

1997 నాటి 'ఫైనల్ ఫాంటసీ 7'లో ఎయిరిత్ మరణం కూడా ఈ కోవలోనిదే. ఆటగాళ్లు గంటల తరబడి ఆడి ఆమె శక్తులను పెంచుతారు, ఆయుధాలు సమకూరుస్తారు. యుద్ధంలో పడిపోయిన పాత్రలను తిరిగి లేపే సాధనాలు ఆ ఆటలోనే ఉన్నాయి. ఈ మరణానికి మాత్రం అవి పనికిరావు. ఆటలో 'చావు' అంటే మళ్లీ మొదలుపెట్టడమే అనుకున్నవాడికి తిరిగిరాని చావు ఎదురవుతుంది.

5. తాను చేసినదానికి తానే ప్రేక్షకుడు:

ఆటగాడు దుఃఖానికి సాక్షిగా కాక కర్తగా నిలిచే స్థితి మరొకటి ఉంది. ఫుమితో ఉఎదా రూపొందించిన 'షాడో ఆఫ్ ది కొలోసస్' (2005) దీనికి ఉదాహరణ. మరణించిన యువతిని బతికించడం కోసం వాండర్ అనే యువకుడు 16 మహాకాయ జీవులను చంపాలి. వాటిలో కొన్ని, తమను కదిలించే దాకా ఎవరి జోలికీ రావు. వధ పూర్తయ్యాక విజయగీతం కాక విషాద సంగీతం వినిపిస్తుంది. నేలకొరిగిన ప్రతి జీవితోనూ వీరరస స్థాయి అయిన ఉత్సాహం కరిగి, నిర్వేదం వైపు, శోకం వైపు జరుగుతుంది. చంపినది ఆటగాడే, చూడవలసినదీ అతడే.

ఈ స్థితికి సంస్కృత నాటకంలో ఒక ప్రసిద్ధ సాదృశ్యముంది. భవభూతి ఉత్తరరామచరితం ఏడవ అంకంలో, వాల్మీకి కూర్చిన రూపకాన్ని గంగాతీరంలో అప్సరసలు ప్రదర్శిస్తుండగా రాముడు ప్రేక్షకుడిగా కూర్చుంటాడు. కథ సీతాపరిత్యాగానంతర వృత్తాంతం. పరిత్యాగం చేసినవాడు రాముడే. తన నిర్ణయ ఫలితాన్ని వేదికపై చూసి అతడు తాళలేకపోతాడు. ఇది నాటకమని లక్ష్మణుడు గుర్తుచేయవలసి వస్తుంది. రాముడికి అది లౌకిక శోకమే. రాముణ్ణి చూస్తున్న సామాజికుడికి కరుణరసం. ఒకే ప్రదర్శనలో భవభూతి రెండు ఆసనాలు వేశాడు.

ఆటగాడు ఈ రెండు ఆసనాల్లోనూ ఒకేసారి కూర్చుంటాడు. కర్తృత్వంలో అతడు రాముడి వంటివాడు. నష్టం నిజజీవితంలోనిది కాదన్న ఎరుకలో సామాజికుడి వంటివాడు. రసానుభవ వేళ విభావాదులు తనవేనన్న నిర్ణయం కాని, తనవి కావన్న నిర్ణయం కాని ఉండదని మమ్మటుడు వివరించాడు. 'బ్రదర్స్'లో మట్టి కప్పిన చేయి సరిగ్గా ఈ స్థితిలోనే ఉంది. అది తనది, తనది కాదు. కర్తృత్వం వల్ల సాధారణీకరణం భంగపడలేదు. సాధారణీకరణం మనసుతో పాటు శరీరం ద్వారా కూడా జరిగింది.

6. అనౌచిత్యం – కరుణాభాస:

ఆటగాడి చేత పని చేయించినంత మాత్రాన రసం పుట్టదు. 2014లో వచ్చిన 'కాల్ ఆఫ్ డ్యూటీ: అడ్వాన్స్‌డ్ వార్‌ఫేర్'లో సైనికుడైన మిత్రుడి అంత్యక్రియల దృశ్యముంది. నివాళి అర్పించడానికి ఎఫ్ నొక్కమన్న సూచన కంప్యూటర్ తెరపై కనబడుతుంది. నొక్కితే నాయకుడు శవపేటికను తాకుతాడు. ఈ సూచన వేళాకోళానికి గురైంది. ఆన్‌లైన్ సంభాషణల్లో 'ఎఫ్' అన్న అక్షరమే సంతాపానికి పరిహాస సంకేతంగా స్థిరపడింది.

'బ్రదర్స్'లోనూ బటనే, ఇక్కడా బటనే. తేడా పూర్వసంస్కారంలో ఉంది. అన్న బటన్‌కు ఆట పొడవునా అలవాటైన అర్థముంది. ఎఫ్‌కు ఆ మిత్రుడితో ఎటువంటి పూర్వబంధమూ లేదు. శోకాన్ని సూచించవలసినచోట తెర దాన్ని పేరుతో ఆజ్ఞాపించింది. రసాన్ని స్వశబ్దంతో చెప్పడం దోషమన్న అలంకారిక మర్యాద ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. రసభంగానికి అనౌచిత్యమే కారణమన్న ఆనందవర్ధనుడి నిర్ణయానికీ, రసాభాస హాస్యానికి దారితీస్తుందన్న అభినవగుప్తుడి పరిశీలనకూ ఇంతకంటే సూటి ఉదాహరణ దొరకడం అరుదు.

7. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

1. వీడియో గేమ్‌లో అనుకోకుండా కలిగే శోకం ఆకస్మికంగా తోచినా ఆకస్మికం కాదు. దానికి కావలసిన సంస్కారాన్ని ఆట గంటల తరబడి చేతికి నేర్పి ఉంచుతుంది. ఆటగాడి దృష్టి గెలుపుపై ఉండడం వల్ల ఆ సంచయం అతడికి తెలియదు.

2. ఫలాపేక్ష అన్నిచోట్లా రసవిఘ్నం కాదు. ఆ అపేక్ష భగ్నమయ్యే తీరును రూపకర్త ఔచిత్యంతో కూర్చినప్పుడు అదే కరుణకు కారణమవుతుంది.

3. నటుడికి ఆస్వాదం ఉండవచ్చునన్న ధనంజయ, విశ్వనాథుల అభిప్రాయం రసచర్చలో అంతగా ప్రాధాన్యం పొందలేదు. ఆటగాడి అనుభవాన్ని వివరించడానికి అదే సరైన ఆధారం.

4. పూర్వసంస్కారం లేకుండా చేయించే క్రియ కరుణాభాసగా మిగిలి హాస్యాస్పదమవుతుంది.

అభినవగుప్తుడు చెప్పిన వాసన జన్మాంతరాల నుంచి వచ్చే అనాది సంస్కారం. గేమ్ కలిగించే వాసన కొద్ది గంటల్లో ఏర్పడేది. ఈ రెండింటికీ సంబంధం ఏమిటి, కొత్త అలవాటు పాత వాసనను మేల్కొలుపుతుందా, లేక స్వయంగా స్థాయికి ఆధారమవుతుందా అన్నది ఇంకా చర్చించవలసిన విషయం. తమ్ముడిని కోల్పోయినవారు, ఎన్నడూ తోబుట్టువులు లేనివారు కూడా ఆ నీటి ఒడ్డున ఒకే బటన్ కోసం వెతుకుతారు. వారి శోకం ఒకటేనా కాదా అన్న ప్రశ్నకు రససిద్ధాంతం సమాధానం చెప్పగలిగితే, అది గతకాలపు నాటకాలకు మాత్రమే కాక వర్తమాన కళారూపాలకూ చెల్లే విమర్శ పద్ధతి అవుతుంది.