ఎవరి మనసు చీలితే సినిమా అవుతుంది? - 'అపరిచితుడు' మీద కొన్ని ప్రశ్నలు

శంకర్ దర్శకత్వం వహించిన 'అపరిచితుడు' 2005 జూన్‌లో వచ్చింది. తమిళంలో దాని పేరు 'అన్నియన్'. ఇరవై ఏండ్లు దాటినా టీవీల్లో, ఫోన్లలో ఆడుతనే ఉంది. సిద్దిపేట చుట్టుపక్కల మన వాడల పిల్లలు గూడ జుట్టు ముఖమ్మీద వేసుకొని, గొంతు మార్చి ఆ డైలాగులు చెప్పి మురిసినోళ్లే. విక్రమ్ నటనను మెచ్చుకోనోడు లేడు. అవినీతి మీద యుద్ధమని పొగిడినోళ్లకు కొదవ లేదు. కానీ ఈ మూడు ముఖాల మనిషి ఏ కులపోడు? అతని కోపం ఏ పుస్తకంలోంచి వచ్చింది? ఆ కోపం హత్యలదాకా పోయినా మనకు ముద్దెందుకైంది? ఈ ప్రశ్నలు అడగాల్సినంతగా ఎవరూ అడగలేదు.

కథ అందరికీ తెలిసిందే. రామానుజం అనే రాము వైష్ణవ బ్రాహ్మణుడు, లాయరు. నామం పెట్టుకొని, ట్రాఫిక్ రూలు గూడ తప్పని మనిషి. చిన్నప్పుడు వాన నీళ్లలో తెగిపడ్డ కరెంటు తీగ తగిలి చెల్లె చచ్చిపోతుంది. కోర్టులో న్యాయం దొరకదు. అతని మనసు మూడు ముక్కలైతది. ఒకటి భయస్తుడైన రాము. రెండోది నందిని ప్రేమ కోసం పుట్టిన ఫ్యాషన్ కుర్రాడు రెమో. మూడోది గరుడ పురాణం చూసి శిక్షలేసే అపరిచితుడు. గాయపడ్డోణ్ని కారెక్కించుకోనోనికి అంధకూపం, రైల్లో పాడు తిండి పెట్టిన కాంట్రాక్టరుకు కుంభీపాకం, నాసిరకం బ్రేకు వైర్లు చేసినోనికి క్రిమిభోజనం.

ముందు టెక్నిక్ సంగతి చూద్దాం. ఈ సినిమాలో రెండు రకాల హంగులున్నయి. ఒకటి డబ్బుతో వచ్చేది. కరాటే బడిలో జరిగే కొట్లాటలో చుట్టూ పదుల కొద్దీ స్టిల్ కెమెరాలు పెట్టి, మనిషిని గాలిలో నిలబెట్టి, చుట్టూ తిప్పి చూపించారు. 1999లో వచ్చిన హాలీవుడ్ సినిమా 'మ్యాట్రిక్స్'తో లోకమంతా పాకిన పద్ధతి ఇది. రెండోది నటుని ఒంటితో వచ్చేది. పోలీసు అధికారిగా ప్రకాశ్‌రాజ్ విచారణ చేసే సీన్ చూడండి. అక్కడ గ్రాఫిక్స్ పని తక్కువ. తల వంగుతది, జుట్టు పడతది, గొంతు మారుతది. ఏడ్చేటోడు రెప్పపాటులో ఉరిమేటోడైతడు. కోట్ల ఖర్చు కన్నా ఈ ఒక్క సీనే జనానికి గుర్తుండిపోయింది.

ఐతే ఈ హంగులన్నీ ఏ పనికి వాడారన్నది అసలు సంగతి. చీలిన మనసు అంటే లోపల కొట్లాట, అయోమయం, కాలం తప్పిపోవడం. ఒక ముక్క చేసింది ఇంకో ముక్కకు తెలియకపోవడంలోని భయం. సినిమాలో ఆ భయం రాముకు కొద్దిగనే ఉంటది, మనకైతే ఉండదు. అతడు చీలిన ప్రతిసారీ మనకు ఈల వేయబుద్ధయితది. రోగాన్ని శక్తిగా చూపించిన సినిమా ఇది.

వైద్యం మాట గూడ చూడాలె. సినిమాలో డాక్టరు చెప్పిన 'మల్టిపుల్ పర్సనాలిటీ డిజార్డర్' అనే పేరును అమెరికా మానసిక వైద్యులు 1994లోనే మార్చి 'డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్' అన్నారు. ఒక మనిషిలో చాలామంది కాపురముంటారన్నది కాదు, ఒక మనిషే గాయాల వల్ల ఒక్కటిగా కూడుకోలేకపోయాడన్నది ఆ మార్పులోని అర్థం. చిన్నతనంలో మళ్లీ మళ్లీ తగిలిన దెబ్బలు దీనికి మూలమని చాలామంది వైద్యుల మాట. అదే నిజమైతే ఈ దేశంలో ఆ దెబ్బలు ఎవరి పిల్లలకు ఎక్కువ తగులుతున్నయి? బడిలో వేరుగా కూర్చున్నోళ్లకా, అగ్రహారంలో పుట్టినోళ్లకా?

ఇక గరుడ పురాణం. సినిమా దాన్ని లంచగొండుల మీద కొరడాగా చూపెట్టింది. అదే పుస్తకం నరకానికి పోయేటోళ్ల జాబితాలో వేదాక్షరాలు చదివిన శూద్రుణ్ని, కపిల గోవు పాలు తాగిన శూద్రుణ్ని, జంధ్యం వేసుకున్న శూద్రుణ్ని గూడ చేర్చింది. ఆ పేజీ కెమెరాకు కనబడలేదు. ఆ శిక్షాస్మృతి పూర్తిగా అమలైతే చదువుకున్న మనమంతా ఏ నూనె గోలెంలో ఉండేవాళ్లం? చంపడానికి వాడిన జంతువును గూడ గమనించండి. అంధకూపంలో మనిషిని తొక్కి చంపేవి బర్రెలు. కంచ ఐలయ్య 2004లో 'బఫెలో నేషనలిజం' అనే పుస్తకం తెచ్చి, పాలిచ్చి బతికించే బర్రెకు లేని పవిత్రత ఆవుకెట్లా వచ్చిందని అడిగిండు. ఆ మరుసటేడే తెర మీద ఆ బర్రె యముని బంటు అయ్యింది.

ఈ కోపంలోని ఎంపిక చూడండి. పాన్ ఉమ్మడం, రిజిస్ట్రేషన్‌లో భూమి విలువ తక్కువ చూపడం గూడ అపరిచితుని లెక్కలో నేరాలే. ప్రేమించిన నందినినే అందుకు చంపబోతడు. ఆ జాబితాలో కులం మాత్రం లేదు. ఒక్క అంటరానితనం కేసు లేదు. కోర్టులో న్యాయం దొరకక మనసు చెదిరినోళ్లు నిజంగా ఎవరు? 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ వదిలేసింది. ఇరవై మూడేండ్లు కోర్టు మెట్లెక్కిన ఆ కుటుంబాలలో ఏ ఒక్కరూ పురాణం పట్టుకొని అపరిచితులు కాలేదు. రాజ్యాంగాన్నే పట్టుకొని నిలబడ్డారు. ఆ ఓపిక మీద ఇంత పెద్ద సినిమా ఎందుకు రాలేదు?

అదే 2005లో 'చంద్రముఖి' గూడ వచ్చింది. 1993 నాటి మలయాళ సినిమా 'మణిచిత్రతాళు' దానికి మూలం. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే సంగతి తేటపడతది. గంగ అనే పెద్దింటి కోడలిలోకి వచ్చిన రెండో మనిషి ఒక నర్తకి. రాజు ఆమెను ఎత్తుకొచ్చిండు, ఆమె ప్రియుని తల నరికిండు, ఆమెను కాల్చి చంపిండు. ఆమె పగ న్యాయమైనదే. కానీ ఆ పగను బొమ్మతో మభ్యపెట్టి, ఆమెను శాశ్వతంగా పంపించేస్తేనే ఇల్లు బాగుపడ్డట్టు. అపరిచితుణ్ని మాత్రం ఎవరూ పంపించరు. చికిత్స అయిపోయి బయటికొచ్చినోడు చివర్న రైల్లోంచి ఒకణ్ని తోసేసి, ఏమీ ఎరగనట్టు కూర్చుంటడు. ముక్కలు కలిసిపోయి హంతకుడే మిగిలిండు, హాలంతా చప్పట్లు. ఆట కట్టి ఆడిన ఆడదాని కోపం దయ్యమైతది, నామం పెట్టినోని కోపం ధర్మమైతది.

మన దగ్గర ఒంటిమీదికి ఇంకొకరు వచ్చుడు కొత్తేం కాదు. కొమురవెల్లి మల్లన్న జాతరలో శివసత్తులకు పూనకమొస్తది. ఏడాదంతా నోరెత్తని ఆడామె ఆ పూట ఊరి పెద్దను గూడ నిలదీస్తది. వైద్యశాస్త్రం 1992 నుంచే పూనకాన్ని విడిగా గుర్తించి, ఆచారంలో భాగంగా వచ్చేదాన్ని రోగం కింద లెక్కించొద్దన్నది. పూనకాన్ని గుడ్డిగా పొగడమని కాదు. ఆ ఆడామె ఎవర్నీ చంపదు. పది మందిలో మాట్లాడుతది, బండారు పెట్టుకొని ఇంటికి పోతది. ఈ తేడా మన విమర్శకులకు పట్టలేదు.

దళితుని చీలిక ఇంకో తీరు. 1917లో బరోడాకు ఉద్యోగానికి పోయిన అంబేద్కర్‌కు ఉండ చోటు దొరకలేదు. పార్సీ పేరు రాయించుకొని పార్సీల సత్రంలో తలదాచుకుంటే పదకొండో రోజున కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. ఆయన మనసు చీలలేదు, సమాజం రెండు పేర్లు పెట్టుకునేటట్టు చేసింది. అమెరికా నల్లజాతి పండితుడు డుబాయిస్ 1903లోనే దీన్ని జంట చైతన్యమన్నడు. మనల్ని మనం ఎదుటోని కండ్లతో చూసుకునే బతుకు అది. సిద్దిపేటలో కిరాయి రూం కోసం పోయి "మీరేమోళ్లు?" అన్న ప్రశ్నకు ఇంటిపేరు మింగే డిగ్రీ పిల్లగానికి ఇది పాఠం చెప్పకుండనే తెలుసు. కాలేజీలో ఒక గొంతు, వాడలో ఒక గొంతు. దీనికి హిప్నాటిజం అక్కరలేదు. అతడు ఒక పేరుతో, ఒక గొంతుతో బతకగలిగే ఊరు కావాలె.

అందుకే ఈ సినిమాను చూడొద్దని నేననను. క్లాసులో పెట్టి చూపించండి. ఆ విచారణ సీన్ దగ్గర ఆపి పిల్లలను అడగండి: వీనికున్న రెండో గొంతు మీకెందుకు లేదు? ఉంటే అది ఏ పుస్తకం తెరుస్తది?