సవరణ ఎక్కడ ఆగాలి?

సంగీత సాంకేతికతను పీజీ స్థాయిలో చదివే విద్యార్థికి సాఫ్ట్‌వేర్ కంటే ముందు చెవి సిద్ధం కావాలి. ఒక ఉదాహరణ చూద్దాం. మందమర్రిలో గని కార్మికుల క్వార్టర్ల మధ్య బతుకమ్మ పాటను మీరు రికార్డు చేశారనుకోండి. అందులో కరెంటు వల్ల వచ్చే 50 హెర్ట్జ్‌ల గుయ్‌మనే రొద ఉంది. అది పాటలోది కాదు కనుక తీసివేయాలి. దీనిపై వివాదం లేదు.

చిక్కు తరువాతి మెట్టులో వస్తుంది. 1997లో వెలువడిన ఆటో-ట్యూన్ వంటి సాధనాలను మామూలుగా వాడితే, అవి స్థాయిని 12 సమభాగాలుగా లెక్కిస్తాయి. ఒక్కో భాగం 100 సెంట్లు. సవరణ వేగాన్ని బాగా పెంచితే, స్వరం నుంచి స్వరానికి జారే గొంతు మెట్లు మెట్లుగా వినిపిస్తుంది. చప్పట్లను కూడా సమాన గడుల్లోకి జరిపితే, వలయంగా తిరిగే ఆడవాళ్ల అడుగుల ఊపు తగ్గిపోతుంది.

యంత్రం చూపే ‘తప్పు’ దాని కొలతకు మాత్రమే తప్పు. అయితే నింద సాఫ్ట్‌వేర్‌ది కాదు. స్వరాలను, వేగాన్ని ఎంచుకునేది మనమే. సవరణ మానుకోవడమూ మన చేతిలోనే ఉంది. రేపు గని మూతపడి కుటుంబాలు తలో ఊరికి వెళ్లిపోతే, ఆ వాడ పాటకు ఈ రికార్డింగే సాక్ష్యం కావచ్చు. కాబట్టి మూలప్రతిని ముట్టుకోకుండా భద్రపరచండి.

అభ్యాసం: మూలప్రతిని, సవరించిన ప్రతిని పాడినవారికే వినిపించండి. ఏది తమ పాట అన్నారో, ఎందుకన్నారో రాయండి.