ఉడికిస్తే పోయేదీ, పోనిదీ

గోదావరికి వరదొస్తే కొట్టుకొచ్చే దుంగల కోసం ఒడ్డున జనం కాచుకుని ఉంటారు. పొయ్యిలోకి కావాలనుకునేవాళ్లు లావు చూస్తారు. ఇంట్లో చేపల తొట్టి పెట్టుకున్నవాళ్ల కన్ను మాత్రం వంకర్లు తిరిగిన వేళ్ల మీద పడుతుంది. అలా దొరికిన కర్రను తొట్టిలో వేయాలంటే ఏం చేయాలని అడగండి, ‘బాగా ఉడకబెట్టి వేసేయండి’ అంటారు. మంచి సలహాయే, కానీ సగమే. ఉడుకుకు పురుగులు, వాటి గుడ్లు, నాచు, బూజు చస్తాయి. చెట్టులోనే ఉన్న విషం, కర్ర పీల్చుకున్న పురుగుమందు, డీజిల్ చావవు. అందుకే ఈ పనిలో అసలు జాగ్రత్త పొయ్యి దగ్గర కాదు, కర్రను ఎంచుకునే దగ్గరే ఉంది.

ముందు అది ఏ చెట్టుదో తెలియాలి. గన్నేరులో వేరు నుంచి పువ్వు దాకా అంతా విషమే. నీలగిరిలో ఘాటైన నూనె, పైన్, దేవదారుల్లో బంక ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోకపోవడమే మేలు. పచ్చి కర్రా పనికిరాదు. అందులోని చక్కెరలు నీళ్లలోకి దిగితే బ్యాక్టీరియా విజృంభించి ఆక్సిజన్‌ను తినేస్తుంది. బాగా ఎండి, బెరడు ఊడి, గోరుతో నొక్కితే దిగని చేవ కర్ర కావాలి. అది ఎక్కడ పడి ఉందన్నదీ అంతే ముఖ్యం. సముద్రపు ఒడ్డున దొరికిన దానిలో ఉప్పు ఉంటుంది, మంచినీళ్లలో నానబెడితే క్రమంగా వదులుతుంది. ఫ్యాక్టరీ కాలువలో, మందు కొట్టిన చేల మురుగులో నానిన కర్రకు ఆ భరోసా లేదు. కోరింగ మడ అడవి అభయారణ్యం, అక్కడి నుంచి పుల్ల కూడా తేకూడదు.

ఈ పరీక్షలు నెగ్గిన కర్రను గట్టి బ్రష్‌తో రుద్ది, పుచ్చిన భాగం చెక్కేసి, వంటకు వాడని పాత్రలో గంట, రెండు గంటలు ఉడికించాలి. అంతకు మించి గంటల తరబడి మరిగిస్తే నార వదులై కర్ర త్వరగా చివుకుతుంది. తర్వాత బకెట్‌లో వేసి, రోజూ నీళ్లు మారుస్తూ, తనంతట తాను మునిగేదాకా నానబెట్టాలి. ఇదంతా ఎందుకు, బ్లీచింగ్ పౌడర్ వేస్తే ఒక్క పూటలో అయిపోదా అంటారు. గాజుకైతే సరే. కర్ర ఒంటినిండా రంధ్రాలే. క్లోరిన్ ఎంత లోతుకు దిగిందో, ఎంత బయటికొచ్చిందో పైనుంచి చూసి చెప్పలేం.

ఇంత చేసినా నీళ్లు డికాక్షన్ రంగుకు తిరుగుతున్నాయని కర్రను తీసి పారేసేవాళ్లున్నారు. ఆ రంగు టానిన్‌ది. కార్డినల్ టెట్రాలకు పుట్టిల్లయిన దక్షిణ అమెరికాలోని రియో నెగ్రో నది నీళ్ల రంగూ అదే. టానిన్ వల్ల నీళ్లు పుల్లబడతాయన్న భయం మెత్తటి నీళ్ల విషయంలో కొంత నిజమే. కార్బొనేట్లు నిండిన మన గట్టి బోరు నీళ్లలో మాత్రం పీహెచ్ అంత తేలిగ్గా కదలదు. రంగు నచ్చకపోతే ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ పెడితే చాలు. కొత్త కర్ర మీద మొదటి వారాల్లో కనిపించే తెల్లటి జిగురు పొర కూడా ప్రమాదం కాదు. రొయ్యలు దాన్ని ఇష్టంగా తింటాయి, లేదంటే దానంతట అదే పోతుంది. భయపడాల్సినవి వేరే ఉన్నాయి: కుళ్లిన గుడ్డు వాసన, నీటిపైన నూనె తెట్టు. వీటిలో ఏది కనిపించినా కర్రను బయటికి తీయాల్సిందే.

ఇంత శ్రమ దేనికి, షాపులో కొంటే సరి కదా అనడం సబబే. కొన్నా నానబెట్టక తప్పదు గానీ, పేరున్న కర్ర కొంటే అది ఏ చెట్టుదన్న సందేహం చాలావరకు తీరుతుంది. ఒడ్డున ఏరుకున్నవాళ్లు ఆ సందేహాన్ని తామే తీర్చుకోవాలి. తీరకపోతే ఆ కర్రను పూలకుండీ పక్కన అలంకారంగా పెట్టుకోవచ్చు. తొట్టిలోని చేపకు నీళ్లు నచ్చకపోతే ఇంకో చోటికి పోయే వీలు లేదు, కాబట్టి అనుమానం వచ్చిన చోట దాని పక్షానే తీర్పు చెప్పాలి.