మంచుపలకలో ముక్కు పనితనం

డిసెంబరు వచ్చిందంటే నర్సీపట్నం మీదుగా లంబసింగికి బండ్లు బారులు తీరతాయి. చెరువులవేనం దగ్గర మేఘాలు చూడాలని, గడ్డి మీద పేరుకున్న మంచును వేలితో గీకి చూడాలని జనం తెల్లారకముందే ఘాట్ రోడ్డెక్కుతారు. ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి దిగితే మనకదో వింత. అంతకు మించిన చలిలో, చెరువు పైన పలకలా గడ్డకట్టుకుపోయాక కూడా, మొసళ్ల వంశంలో ఒక జీవి ప్రాణంతో ఉంటుంది. దాని పేరు ఎలిగేటర్.

2018 జనవరిలో అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో, షాలట్ రివర్ స్వాంప్ పార్కు నీళ్లు గడ్డకట్టాయి. తెల్లటి పలక మీద అక్కడక్కడ నల్లటి మొనలు పొడుచుకొచ్చి కనిపించాయి. అవి ముక్కులు. తక్కిన ఒళ్లంతా కింద నీళ్లలో, కదలిక లేకుండా ఉంది. 2021 ఫిబ్రవరిలో ఓక్లహామా ఆగ్నేయ మూలనున్న రెడ్ స్లౌ చిత్తడి నేలల్లోనూ ఇదే దృశ్యం. ఎలిగేటర్లకు కొలువు ఫ్లోరిడా, లూసియానా. నార్త్ కరోలినా, ఓక్లహామా వాటి రాజ్యానికి పొలిమేరలు. ఈ మధ్య టెనెసీ నైరుతి మూలకీ అవి తమంత తామే పాకుతున్నాయి. నీళ్లు దాటిన మొసలి బలం ఎంతో వేమన మనకు బడిలోనే చెప్పాడు. వెచ్చదనం దాటిన మొసలి సంగతేమిటన్నది ఇక్కడి ప్రశ్న.

జవాబు ముక్కులో ఉంది. మూతి చివర కొంచెం ఉబ్బెత్తుగా ఒక దిమ్మె, దాని మీద రెండు రంధ్రాలు. ఊపిరి తీసుకునే క్షణంలో తెరుచుకుంటాయి, తక్కిన వేళ మూసుకుని ఉంటాయి. అక్కణ్ణుంచి గాలిగొట్టం నోట్లోకి దిగదు. అంగిలి ఎముకల పైనుంచి మూతి పొడవునా వెనక్కి సాగి, గొంతు దగ్గర తెరుచుకుంటుంది. ఆ గొంతుకీ నోటికీ మధ్య నాలుక మొదట్లోంచి లేచే మడత ఒకటి, పైనుంచి దిగే మడత ఇంకొకటి. రెండూ కలిస్తే ఏటికొప్పాక లక్క భరిణెకు మూత పట్టినట్టే, సందు లేకుండా పట్టేస్తాయి. నోటినిండా నీళ్లున్నా, దవడలు మంచులో బిగిసిపోయినా గాలిదారి వేరు. అందుకే బయటి లోకంతో దానికి కావలసిన సంబంధమల్లా ఆ రెండు రంధ్రాలంత మేరే.

లోపలి ఏర్పాటు ఇంకా ముచ్చటైనది. ఎలిగేటర్ ఊపిరి పీల్చడానికి పక్కటెముకలతో పాటు కాలేయాన్ని కూడా వాడుకుంటుంది. కాలేయానికి అంటుకున్న ఒక కండరం దాన్ని వెనక్కి లాగితే ఛాతీలో చోటు పెరిగి గాలి లోపలికొస్తుంది. కాలేయాన్ని పంపు చేసిన ఆ సృష్టికర్తకు ఏ బిరుదివ్వాలో! ఆ గాలి కూడా ఊపిరితిత్తుల గొట్టాల్లో చాలామేర పక్షుల్లో మాదిరిగా ఒకే దిక్కున తిరుగుతుందని 2010లో యూటా విశ్వవిద్యాలయం పరిశోధకులు తేల్చారు. ఇక ఖర్చు సంగతి. నీళ్లు చల్లబడేకొద్దీ తిండి మానేస్తుంది, గుండె నెమ్మదిస్తుంది. పూట గడవడానికి దానికి కాస్త గాలి చాలు.

అయితే సామాను ఉంటే సరిపోదు, వాడే వేళ తెలియాలి. నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ వేళ ఎరగడమే. లోతు నీళ్లు వదిలి ఒడ్డు దగ్గరి లోతు తక్కువ నీళ్లలోకొస్తుంది. ఒళ్లు ఏటవాలుగా వదిలి, మూతి కొస మాత్రం పైకెత్తి ఆగుతుంది. పలక దాని చుట్టూ గట్టిపడుతుంది. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన దగ్గరి చుట్టం కైమన్‌ను, ఎలిగేటర్‌ను ఒకేలాంటి చలికి గురిచేసి చూసినప్పుడు ఎలిగేటర్లు ఈ పని చేశాయి, కైమన్లు చేయలేదు. 2010 జనవరి చలిగాలులకు దక్షిణ ఫ్లోరిడాలో వందకు పైగా అమెరికన్ మొసళ్లు చచ్చిపోయాయి. అదే చలిని అక్కడి ఎలిగేటర్లు చాలావరకు తట్టుకున్నాయి.

మన సీలేరు నదిలోని మొసలికి ఈ విద్య రాదు. దాని అవసరమూ పడలేదు. ముక్కు, గొంతు మడత, కాలేయపు పంపు దానికీ ఉన్నాయి. కానీ అది మట్టిపని చేస్తుంది. ఏటిగట్టులో బొరియ తవ్వుకుని ఎండ ముదిరినా, చలి ముదిరినా అందులో దూరుతుంది. చైనాలో యాంగ్‌ట్సీ ప్రాంతపు ఎలిగేటర్‌ది కూడా బొరియ పద్ధతే. శీతకాలమంతా దానికి నేలమాళిగలోనే కాపురం.

ఈ పనితనానికీ హద్దుంది. 2023 ఫిబ్రవరిలో న్యూయార్క్ బ్రూక్లిన్‌లోని ప్రాస్పెక్ట్ పార్కు చెరువులో నాలుగడుగుల ఎలిగేటర్ ఒకటి దొరికింది. ఎవరో పెంచుకుని విసుగొచ్చి వదిలేసినదని అధికారుల అనుమానం. ఉండాల్సిన బరువులో సగం కూడా లేదు, కడుపులో స్నానపు తొట్టి బిరడా ఉంది. బ్రాంక్స్ జూ వైద్యులు ఎంత చూసినా ఏప్రిల్‌లో చచ్చిపోయింది. చలికాలానికి ముందే తిని ఒళ్లు చేసి, చోటు చూసుకుని సిద్ధపడే జంతువుకు పనికొచ్చే విద్య అది. నడిచలిలో చెరువులోకి విసిరేసిన బక్క ప్రాణాన్ని ఏ ముక్కూ కాపాడదు.

విశాఖ జూకి వెళ్లినప్పుడు మొసళ్ల మడుగు దగ్గర కాసేపు ఆగండి. కదలడం లేదని రాళ్లు విసరకండి, పిల్లల్నీ విసరనివ్వకండి. మూతి చివర చూస్తూ ఉంటే రంధ్రాలు తెరుచుకుని మూసుకోవడం కనిపిస్తుంది. నోరు తెరిచి ఎండ కాగుతుంటే నాలుక వెనక్కి చూడండి. అంత పెద్ద నోరు తెరిచినా గొంతు మూసే ఉంటుంది.