'లెట్': తలక్రిందులైన ఒక క్రియ

కింగ్ జేమ్స్ తర్జుమా (1611) 2 థెస్సలొనీక 2:7లోని 'లెట్' క్రియను నేటి ఆంగ్లం ప్రకారం 'అనుమతించు' అని బోధిస్తే పౌలు భావము తలక్రిందులవుతుంది. ప్రాచీన ఆంగ్లములో 'లెత్తన్' అనగా ఆలస్యపరచు, అడ్డగించు. 'లేటన్' అనగా విడిచిపెట్టు, అనుమతించు. కాలక్రమేణా రెండూ ఒకే రూపము దాల్చాయి. (మనం రోజూ అనే 'లేట్' మొదటిదానికి చుట్టమే. మన పాస్‌పోర్టు తొలి పుటలోని అభ్యర్థనలోనూ ఆ పాత అర్థమే ఉంది.)

అయితే లోపము కాలానిది మాత్రమే కాదు. గ్రీకులో 6, 7 వచనాలు రెండింటిలోనూ 'కతెఖో' అనే ఒకే క్రియ ఉన్నది. ఆ అనువాదకులు 6లో వేరొక మాట వాడి, 7లో 'లెట్' అన్నారు. రోమా 1:13లో గ్రీకు క్రియ 'కోలుఓ' కాగా, అక్కడా 'లెట్' అనే పెట్టారు! మన పాత తెలుగు బైబిలు థెస్సలొనీక వచనాలు రెండింటిలోనూ 'అడ్డగించు' అనే చెప్పి పౌలు వాదనలోని లంకెను నిలిపింది. ఈ చోట తెలుగే మూలానికి దగ్గర.