ఏ వాద్యానికి ఏ అడుగు

సొంతంగా ఒక మ్యూజిక్ వీడియో తీయదలచినవారు ముందుగా నచ్చిన వీడియో ఒకదాన్ని ఎంచుకొని విశ్లేషించడం మంచి అభ్యాసమే అయినా, ఆ విశ్లేషణ చాలాసార్లు దుస్తులు, రంగులు, లొకేషన్లు, డ్రోన్ షాట్ల జాబితాగా మిగిలిపోతుంది. అటువంటి జాబితా నుంచి అనుకరణ పుడుతుందే తప్ప ప్రణాళిక పుట్టదు. తెర మీది దృశ్యాలు అలాగే ఎందుకు ఉన్నాయో, వాటి వెనుక దర్శకుడు తనకు తాను విధించుకొన్న నియమం ఏమిటో పట్టుకోగలిగినప్పుడే ఆ పరిశీలన రేపటి పనికి అక్కరకొస్తుంది.

ఫ్రెంచ్ ద్వయం డాఫ్ట్ పంక్ పాట ‘అరౌండ్ ద వరల్డ్’కు మిషెల్ గోండ్రీ 1997లో తీసిన వీడియో ఈ అభ్యాసానికి ఎంతో అనువైనది. పాటలో సాహిత్యమంటే శీర్షికలోని మాటలే, అవే మళ్లీ మళ్లీ వస్తాయి గనుక కథ అల్లుకోవడానికి ఆస్కారం లేదు. గోండ్రీ ఆ పాటను వాద్యాలుగా విడదీసి ఒక్కోదానికి ఒక్కో నర్తక బృందాన్ని కేటాయించగా, బ్లాంకా లీ వారికి నృత్యం సమకూర్చారు. మనిషి గొంతును యంత్రస్వరంగా మార్చే వోకోడర్‌కు రోబోలు, గిటార్‌కు అస్థిపంజరాలు, డ్రమ్ మెషీన్‌కు మమ్మీలు, కీబోర్డుకు ఈతకత్తెల వేషంలోని యువతులు వచ్చారు. పాటకు అడుగున నడిచే మంద్రస్వరాల వరుసను, అంటే బేస్ లైన్‌ను, చిన్న తలలున్న పొడగరి క్రీడాకారులు మోస్తారు. స్వరం పైకి పోతే వారు మెట్లెక్కుతారు, కిందికి వస్తే దిగుతారు. శబ్దం ఆపేసి ఆ ఒక్క బృందాన్నే చూసినవారికి సైతం బేస్ లైన్ ఆరోహణ, అవరోహణలు తెలిసిపోతాయి. ఈ వీడియో గొప్పతనమంతా అక్కడే ఉంది.

కెమికల్ బ్రదర్స్ పాట ‘స్టార్ గిటార్’ వీడియోలో, 2002 నాటికి, గోండ్రీ నర్తకులను కూడా వదిలేశారు. రైలు కిటికీలోంచి కనిపించే స్తంభాలు, భవనాలు లయకు సరిగ్గా అందేలా నిజమైన ప్రయాణ దృశ్యాలను కంప్యూటర్ సాయంతో కూర్చారు. ఆ కూర్పును ఆయన ముందుగా నారింజపండ్లు, పుస్తకాల వంటి ఇంట్లోని వస్తువులను వరుసగా పేర్చి ఆలోచించుకొన్నారన్న సంగతి, చేతిలో పైసా లేని కొత్తవారికి ఎంతో ధైర్యమిస్తుంది. నియమం వాద్యం నుంచే రావాలనేమీ లేదు. కోల్డ్‌ప్లే ‘ద సైంటిస్ట్’ వీడియోలో కాలం వెనక్కి నడుస్తుంది, అందుకోసం గాయకుడు క్రిస్ మార్టిన్ పాటను తిరగేసి పాడటం నేర్చుకోవలసి వచ్చింది.

తెలంగాణలో యూట్యూబ్ కోసం జానపద గీతాలు చిత్రిస్తున్న యువ బృందాలకు ఈ పద్ధతి అందనిదేమీ కాదు. గళ్ల కాగితం మీద అడ్డగళ్లలో డప్పు, డోలక్, కీబోర్డు, గొంతు, నిలువుగళ్లలో తాళావర్తనాలు రాసుకొని, ప్రతి వాద్యం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చెవితో విని గుర్తుపెట్టుకోవాలి. ఏ గుర్తు ఏ మనిషి అడుగవుతుందో తేలిన తర్వాతే షాట్ డివిజన్‌కు, అంటే పాటను ఏ షాట్లుగా విడగొట్టి తీయాలో నిర్ణయించే పనికి, పూనుకోవాలి. అప్పుడు కూడా బృందమంతా ఒకే చట్రంలో ఇమిడే దూరపు షాట్‌ను ముందుగా తీసిపెట్టుకోవడం మేలు. దగ్గరి షాట్లలో డప్పుకు ఆడేవారికీ గొంతుకు ఆడేవారికీ మధ్య పొత్తు తెగితే, ఎడిటింగ్‌లో తిరిగి వెళ్లడానికి ఆ ఒక్క షాటే ఆధారం.